ఏ లోటూ అనిపించనప్పుడు దీనత్వం ఎలా వస్తుంది?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ తాతగారి కాలం నుంచి మీది క్రైస్తవ కుటుంబం. ఆదివారం ఆరాధన మానరు, దశమభాగం ఇస్తారు, యూత్‌లో పాటలు నడిపిస్తారు. "ఆత్మీయ అవసరత గుర్తించండి, తగ్గించుకోండి" అని ప్రసంగంలో విన్నప్పుడల్లా లోపల ఏమీ కదలడం లేదు. "ప్రభువా, నేను దుమ్మును, పురుగును" అని అందరితో కలిసి ప్రార్థిస్తుంటే నటిస్తున్నట్టు ఉంటోంది. ఆఫీసులో ఒక్క టీం లీడ్‌తో తప్ప ఎవరితోనూ గొడవలు లేవు, చెడు అలవాట్లు లేవు. మరి నిజమైన దీనత్వం ఎలా వస్తుంది, అది వచ్చేదాకా పాటలు నడిపించడం మానెయ్యాలా అని అడిగారు.

నటిస్తున్నట్టు ఉందని మీకు తెలుస్తోంది కదా, దాన్ని అణచెయ్యకండి. మనసులో లేని మాటలు ప్రార్థనలో వాడటం ఈ రోజు నుంచే మానెయ్యొచ్చు. దేవునికి అవి అక్కర్లేదు. మన గురించి మనం వీలైనంత చెడ్డగా మాట్లాడుకోవడమే దీనత్వం అని మన సంఘాల్లో ఎలాగో స్థిరపడిపోయింది. గొంతు వణికితే, కన్నీళ్లు వస్తే విరిగిన మనసు అనుకుంటాం. నేను ఇన్నేళ్లలో చూసినదాన్ని బట్టి చెప్తున్నాను, దీనత్వం ఉందో లేదో తెలిసేది ఆ మనిషి దేవుణ్ణి ఏం అడుగుతున్నాడో దాన్ని బట్టి. తన దగ్గర లేనిదాన్ని పేరు పెట్టి అడగగలిగితే చాలు, గొంతు ఎలా ఉన్నా పర్వాలేదు.

మాది గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబం. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాం. ఇక్కడ మా ఏరియాలో శుక్రవారం సాయంత్రం ఒక్కోసారి ఒక్కొక్కరి ఇంట్లో కూడిక పెడతాం. విన్నపాల పుస్తకం చాలాకాలంగా నా దగ్గరే ఉంటోంది. అందరూ చీటీలు ఇస్తారు. క్యాలెండర్ కాగితం చింపి రాసేవాళ్లు, కరెంటు బిల్లు వెనక రాసేవాళ్లు ఉంటారు. వాటిని చూసి నేను పుస్తకంలో ఎక్కిస్తాను. అమ్మాయి వీసా, అబ్బాయికి సంబంధం, మోకాళ్ల నొప్పులు, ఇంటి లోను, గర్భఫలం. ఇవేమీ తక్కువ విన్నపాలు కావు. అనుదినాహారం అడగమని నేర్పింది ప్రభువే. కానీ ఆ పుస్తకం పేజీలు వెనక్కి తిప్పి చూస్తే, మనిషి తన లోపల ఉన్న లోటు గురించి రాసిన చీటీ దాదాపు కనిపించేది కాదు. కోపం గురించి చీటీ వస్తే అది ఇంట్లో ఇంకొకరి కోపం గురించే ఉండేది.

ఒక శుక్రవారం రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లో కూడిక. ఆయన సంఘ పెద్ద. సంఘంలో ఎవరికి ఎవరితో తేడా వచ్చినా ఆయనే కూర్చోబెట్టి మాట్లాడేవారు. పాటలు అయ్యాయి, వాక్యం అయింది, విన్నపాలు చెప్పండి అన్నాను. ఆయన చీటీ ఇవ్వలేదు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, బైబిలు కవరు జిప్పు సగం తీస్తూ మళ్లీ వేస్తూ ఇలా అన్నారు: "మా తమ్ముడితో పొలం గొడవ మీ అందరికీ తెలుసు. వాణ్ణి క్షమించానని ఈ గదిలోనే సాక్ష్యం చెప్పాను. క్షమించలేదమ్మా. క్షమించాలని కూడా లేదు నాకు. ఆ కోరికైనా పుట్టేలా ప్రార్థన చెయ్యండి."

వంటింట్లో టీ పెడుతున్న వాళ్లావిడ పొయ్యి కట్టేసి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఎవరు ప్రార్థన చెయ్యాలో తెలియక ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. దీర్ఘంగా ప్రార్థించే అలవాటున్న బ్రదర్ ఒకాయన ఉన్నారు మాకు. ఆయన కూడా ఆ రోజు రెండు మాటల్లో ముగించారు. ఆ తర్వాత నెమ్మదిగా చీటీలు మారాయి. "అత్తగారంటే అసహ్యం వేస్తోంది" అని ఒకటి, "బైబిలు తెరిస్తే విసుగొస్తోంది, ఎవరికీ చెప్పలేకపోతున్నాను" అని ఒకటి. వీళ్లలో ఒక్కరూ దుమ్ము, పురుగు అనే మాటలు వాడలేదు. ఆ పెద్దాయనా వాడలేదు. తన దగ్గర ఏది లేదో అది చెప్పారు, అడిగారు. "ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు" అన్న మాట నేను సండే స్కూల్ నుంచి వల్లిస్తున్నదే, కానీ ఆ దీనులు ఎలా ఉంటారో కళ్లతో చూసింది ఆ సాయంత్రమే.

లూకా సువార్త 18వ అధ్యాయంలో పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే వర్గంవాడు), సుంకరి దేవాలయానికి వెళ్లిన ఉపమానం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. పరిసయ్యుడి ప్రార్థన మళ్లీ చదివి, అందులో విన్నపం ఎక్కడుందో వెతకండి. దొరకదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నమాట నిజం, సంపాదనలో పదోవంతు ఇచ్చినమాట నిజం. ధర్మశాస్త్రం అడిగినదానికన్నా ఎక్కువే చేస్తున్నాడు. పైగా ఇదంతా తన గొప్ప అనడం లేదు, దేవునికి కృతజ్ఞతాస్తుతులే చెల్లిస్తున్నాడు. మన సాక్ష్యాల కూడికలో అలా మాట్లాడితే అందరం ఆమేన్ అంటాం. కానీ అంత ప్రార్థనలోనూ దేవుడు ఇవ్వాల్సింది ఏమీ లేదు. సుంకరి ఏమీ మంచివాడు కాదు. రోమా ప్రభుత్వం కోసం సొంత జనం దగ్గర పన్ను వసూలు చేసేవాడు. ఆ వృత్తిలో కట్టాల్సినదానికన్నా ఎక్కువ గుంజడం మామూలు. అతను తన పాపాల జాబితా చదవలేదు, ఇకనుంచి మారతానని మాట కూడా ఇవ్వలేదు. "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్న ఒక్క విన్నపం, అంతే. నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లింది అతనే అని ప్రభువు చెప్పారు.

మీ పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉన్నది ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలోని లవొదికయ సంఘం. ఆ ఊరు ఇప్పటి టర్కీలో దెనిజ్లి పట్టణం దగ్గర ఉండేది. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి ఊరు కూలిపోతే, రోమ్ నుంచి సాయం తీసుకోకుండా తమ సొంత డబ్బుతోనే మళ్లీ కట్టుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. నల్ల ఉన్నికి పేరున్న ఊరు, వ్యాపారం బాగా సాగిన ఊరు. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదన్నది వాళ్లకు పెద్ద గర్వకారణం అయి ఉంటుంది. ఆ ఊరి గుణమే సంఘంలోకీ వచ్చేసిందని నాకు అనిపిస్తుంది. "నాకేమియు కొదువలేదు" అని ఆ సంఘం చెప్పుకుంటోంది. ప్రభువు వాళ్లను పిలిచి, నా దగ్గర బంగారం కొనుక్కోండి, తెల్లని వస్త్రాలు కొనుక్కోండి, కళ్లకు కాటుక కొనుక్కోండి అంటున్నారు. నల్ల ఉన్ని అమ్ముకుని బతికే ఊరివాళ్లతో తెల్ల బట్టల మాట.

ఆ భాగంలో మీరు పట్టుకోవాల్సింది, వాళ్లకు తమ స్థితి తెలియకపోవడం. దరిద్రుడవని, గ్రుడ్డివాడవని "యెరుగక" అని ఉంది. అంటే లోటు ఉన్నప్పుడల్లా అది మనసుకు తెలియాలని లేదు. జ్వరం వచ్చిన మనిషికి ఆకలి వెయ్యదు, అలాగని ఒంటికి అన్నం అక్కర్లేదని కాదు. కాబట్టి "నాకు అనిపించడం లేదు" అన్నదాన్ని రెండు విధాలుగానూ లెక్కలోకి తీసుకోకండి. అనిపించడం లేదు కాబట్టి అవసరం లేదనుకోవద్దు, అనిపించడం లేదు కాబట్టి దేవుడు వదిలేశాడనీ అనుకోవద్దు. మన ఇళ్లల్లో క్యాలెండర్ల మీద కనిపించే "ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను" అన్న వచనం ఈ సంఘానికి రాసిందే. ఆదివారం ఆదివారం కూడుకునేవాళ్లకు, ఏ లోటూ అనిపించనివాళ్లకు రాసింది. దానికి ముందు వచనంలోనే "నేను ప్రేమించువారినందరిని" అని ఉంది.

మరి తెలిసేది ఎలా? నా అనుభవం చెప్తాను. మా అత్తగారికి పక్షవాతం వచ్చి చాలాకాలం మంచం మీద ఉన్నారు. ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, వీపు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం, రాగిజావ చెంచాతో పట్టడం అన్నీ నేనే చూసుకున్నాను. పెదవి పక్కనుంచి జావ కారిపోతుంటే తుడిచి మళ్లీ పెట్టాలి, ఒక గ్లాసు తాగించడానికి ఒక్కోసారి గంట పట్టేది. సంఘంలో నాకు ఓర్పు గల మనిషినని పేరు. పనిలో ఏ లోపమూ జరగలేదు, డాక్టరు కూడా బాగా చూసుకుంటున్నారమ్మా అన్నారు. కానీ సాయంత్రం అయ్యేసరికి ఆమె పిలుపు వింటే ఒళ్లు మండేది. ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును అన్న మొదటి కొరింథీ 13వ అధ్యాయం నాకు పూర్తిగా నోటికి వచ్చు. ఆ అధ్యాయంలో చెప్పినది నా దగ్గర లేదని ఆ గదిలో తెలిసింది. పని చేయగలను, ప్రేమను మాత్రం తెచ్చుకోలేను. అది నా శక్తిలో ఉన్న వస్తువు కాదు.

అప్పటిదాకా "ప్రభువా, నాకు బలం ఇవ్వు, ఓపిక ఇవ్వు" అని ప్రార్థించేదాన్ని. ఒకరోజు నోటికి వచ్చినట్టు చెప్పేశాను: ఈమె మీద నాకు ప్రేమ లేదు, ఎక్కడి నుంచి తేవాలో తెలియదు, నువ్వే ఇవ్వాలి. మర్నాటికల్లా మారిపోయానని చెప్పను. కొన్ని రోజులు వచ్చేది, కొన్ని రోజులు వచ్చేది కాదు. జావ పడుతూ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి నిమరాలనిపించిన రోజు, అది నా మంచితనం కాదని మాత్రం నాకు బాగా తెలిసేది. ఆ తెలియడంలో బరువు లేదు, బాధ లేదు. నిజం చెప్పాలంటే పెద్ద ఊరట. అంతవరకు మంచిదాన్ని అనిపించుకోవాలని పడిన టెన్షన్ అంతా పోయింది.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. మీ ప్రశ్నలో "ఒక్క టీం లీడ్‌తో తప్ప" అని ఒక మాట రాశారు. నా చూపు అక్కడే ఆగింది. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు కొండమీది ప్రసంగం ఆత్మవిషయమై దీనులైనవారితో మొదలవుతుంది. అదే అధ్యాయం చివరికి వచ్చేసరికి "మీ శత్రువులను ప్రేమించుడి" అని ఉంటుంది. మొదటి మాట అర్థం కావాలంటే చివరి మాట చెయ్యడానికి ప్రయత్నించాలి. ఆ టీం లీడ్‌కు మేలు జరగాలని, అతని ఇంట్లోవాళ్లు చల్లగా ఉండాలని, అతనికి ప్రమోషన్ వస్తే మీరు సంతోషించాలని పేరు పెట్టి ప్రార్థించి చూడండి. మొదటి రోజు తేలిగ్గానే వస్తుంది. స్టాండప్ మీటింగ్‌లో అందరి ముందూ అతను ఒక మాట అన్న రోజు చూడండి. మీ దగ్గర ఉన్న సరుకు ఎంతో అప్పుడు తెలుస్తుంది. అక్కడ ప్రార్థన ఆపకండి, మీరు వెతుకుతున్నది దొరికేది ఆ చోటనే. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని మార్కు 9వ అధ్యాయంలో ఒక తండ్రి ప్రభువుతో అన్నాడు. ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు ఒకే వాక్యంలో చెప్పేశాడు. ఆ ప్రార్థన నాకు చాలాసార్లు పనికొచ్చింది.

దేవుణ్ణి అడగడం కంటే మనుషుల దగ్గర తీసుకోవడం నాకు ఇంకా కష్టమైంది. అత్తగారు మంచం మీద ఉన్నప్పుడు సంఘంలో ఒక సిస్టర్ శనివారం మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటానంది. "మీకెందుకండీ శ్రమ, నేను చూసుకుంటాను" అన్నాను. ఎంతో వినయంగానే అన్నాను. ఆమె ఊరుకోలేదు, ఒక శనివారం టిఫిన్ బాక్సు పట్టుకుని వచ్చేసి, "మీరు పోయి పడుకోండి" అని గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ప్రభువు తన శిష్యుల పాదాలు కడుగుతుంటే పేతురు కూడా వినయంగానే "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు. "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు" అని ప్రభువు జవాబు. ప్రభువు పాదాలు కడగమంటే పేతురు వెంటనే కడిగేవాడు, అందులో సందేహం లేదు. కడిగించుకోవడం దగ్గరే అతనికి కష్టం వచ్చింది. మీరు పాటలు నడిపిస్తారు, యూత్‌కి సాయం చేస్తారు. ఎవరైనా మీకు చేస్తానంటే తీసుకోగలుగుతున్నారా అన్నది కూడా చూసుకోండి.

ఇంకో సంగతి చెప్పకుండా వదిలెయ్యలేను. ఈ బోధ తప్పు చేతుల్లో పడితే ఎంత నష్టమో మా ఇంట్లోనే చూశాను. మా నాయనమ్మ పల్లెలో, అంటే ఊరి బయట దళితవాడలో పుట్టిన మనిషి. ఊళ్లోకి వెళ్తే చెప్పులు చేత పట్టుకుని నడవాల్సిన కాలం. ఆమెకు తగ్గించుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు, పుట్టినప్పటి నుంచీ తగ్గించే ఉంచారు. అలాంటి ఆడవాళ్లకు ఒక బోధకుడు "మీరింకా తగ్గించుకోవాలి" అని గంటసేపు చెప్పడం చిన్నప్పుడు విన్నాను. నాయనమ్మ చదువుకోలేదు. కీర్తనలన్నీ చెవితో నేర్చుకుంది. రాత్రి దీపం తగ్గించాక మోకాళ్ల మీద కూర్చుని, కూలి డబ్బులు ఎగ్గొట్టిన కామందు సంగతి, దూడ కుంటుతున్న సంగతి, తన నోటి దురుసు సంగతి అన్నీ ఒకే వరసలో దేవునికి చెప్పేది. పక్కింటివాళ్లకు వినపడేంత గట్టిగా చెప్పేది. తండ్రిని అడిగే బిడ్డ గొంతు అది. ఊళ్లో వంచిన తల దేవుని దగ్గర ఎత్తి మాట్లాడేది. నేను చూసినవాళ్లలో అంత దీనురాలు మరొకరు లేరు, అంత ధైర్యస్తురాలూ లేరు. మరియ పాటలో "సింహాసనములనుండి బలవంతులను పడద్రోసి దీనుల నెక్కించెను" అని ఉంది కదా. దేవుడు ఎక్కించేవాళ్లను మనం తొక్కిపెట్టి దానికి దీనత్వం అని పేరు పెట్టకూడదు. భర్త కొడుతుంటే "తగ్గించుకో అమ్మా, అణకువగా ఉండు" అని ఆడపిల్లను వెనక్కి పంపడం దీనత్వం నేర్పడం కాదు, అన్యాయం చెయ్యడం. దేవుని ముందు నాకు ఇది లేదని చెప్పుకోవడం వేరు, మనుషుల ముందు నాకు విలువ లేదని ఒప్పుకోవడం వేరు. రెండోది ప్రభువు ఎవరి దగ్గరా అడగలేదు.

వయసు, సేవ పెరిగేకొద్దీ ఈ అవసరత తగ్గుతుందని కూడా అనుకోకండి. పౌలు కొరింథీయులకు రాసేటప్పుడు తాను అపొస్తలులందరిలో తక్కువవాణ్ణి అన్నాడు. తర్వాత ఎఫెసీయులకు రాస్తూ పరిశుద్ధులందరిలో అత్యల్పుణ్ణి అన్నాడు. తిమోతికి రాసిన పత్రికలో పాపులలో ప్రధానుణ్ణి అన్నాడు. సేవ పెరిగిన వరసలోనే మాట కిందికి దిగుతూ వచ్చింది. అయినా ఆ పత్రికల్లో ఎక్కడా కుంగిపోయిన మనిషి కనిపించడు. మా లూథరన్ల ఇళ్లల్లో పెద్దలు చెప్పుకునే సంగతి ఒకటుంది. మా సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1546 ఫిబ్రవరిలో చనిపోయే ముందు రాసిన చివరి చీటీలో "మనం బిచ్చగాళ్లం, ఇది నిజం" అని ఉంది. బైబిలు మొత్తాన్ని జర్మన్‌లోకి తెచ్చిన మనిషి. అదే చీటీలో, ప్రవక్తలతో కలిసి నూరేళ్లు సంఘాలను నడిపితే తప్ప లేఖనాలను తగినంత రుచి చూశానని ఎవరూ అనుకోవద్దని కూడా రాశాడు.

పాటల సంగతి. మానకండి. అనిపించాకే పాడతాను అంటే మళ్లీ మీ మనసులో ఏముందో దాని మీదే ఆధారపడినట్టు. పాట మీ యోగ్యతకు ఇచ్చిన బహుమతి కాదు, మానేస్తే యోగ్యత రావడం లేదు. మార్చాల్సింది ఒకటే. పాటల మధ్యలో మైకు పట్టుకుని చెప్పే ప్రార్థనలో మీకు నిజం కాని వాక్యం వస్తే వదిలెయ్యండి, చిన్నదైనా నిజమైనది చెప్పండి. అలాగని టీం లీడ్ సంగతి మైకులో చెప్పకండి. మన సంఘాల్లో విన్నపం సాయంత్రానికల్లా వాట్సాప్‌లో కబురైపోవడం నేను చూశాను. విన్నది కడుపులో దాచుకునే మనిషిని ఒక్కరిని చూసుకోండి. మీకన్నా వయసులో పెద్దవాళ్లయితే మంచిది. పాస్టర్ గారే కానక్కర్లేదు. నా లోపల ఫలానా మనిషి మీద ఇలా ఉంది, ప్రార్థన చెయ్యండి అని ఆ ఒక్కరికీ చెప్పండి. వాళ్లు ఉపదేశం మొదలుపెడితే విని రండి, వేరొకరిని వెతుక్కోండి. ప్రార్థన చేసి ఊరుకునేవాళ్లు దొరికితే వాళ్లను వదులుకోకండి.

ఆ టీం లీడ్ పేరుతో ప్రార్థన మొదలుపెట్టాక ఎలా ఉందో వీలైతే ఇక్కడే రాయండి. మీ పేరు నా పుస్తకంలో రాసుకున్నాను. వివరాలు ఎవరికీ చెప్పను.